ఘట్టకుటీ ప్రభాతము

సంస్కృతవాఙ్మయమునందలి లౌకికన్యాయములలో ఘట్టకుటీ ప్రభాతన్యాయమని యొకటి కలదు. వర్తకుడొకడు సుంకము చెల్లింప నిష్టము లేక, సుంకపుఠాణా యున్న రాజమార్గమును విడిచి, రాత్రివేళ అడ్డదారిని బండి తోలుకొని పోయెనట. చీకటిలో దారి తప్పి, రాత్రియెల్ల తిరిగి తిరిగి, తెల్లవాఱుసరికి తాను తప్పించుకొనదలచిన ఠాణా వాకిటనే వచ్చి నిలిచెనట. ఘట్టకుటి యనగా సుంకము వసూలుచేయువారి గుడిసె, ప్రభాతమనగా వేకువ. దేనిని తప్పించుకొనగోరి శ్రమపడుదుమో తుదకు దానికే చిక్కుట యీ న్యాయమునకు తాత్పర్యము. వాదమునందు ప్రతిపక్షి యొక దోషమును పరిహరింపబోయి మరల దానియందే పడినప్పుడు వ్యాఖ్యాతలు దీనిని ప్రయోగింతురు.

ఈ కథ విన్న విద్యార్థులు నవ్వుదురు. నవ్వదగిన కథయే. కాని చరిత్ర చదువువాడు దీనిని విని రెండు ప్రశ్నలు వేయక మానడు. ఆ వర్తకుడు చెల్లింపవలసిన సుంకమునకు బదులుగా అతనికి లభించుచున్న దేమి? ఆ రాత్రి అతని బండి యెవరి పొలములమీదుగా పోయినది? మొదటి ప్రశ్న రాజును గూర్చినది. రెండవది దారిప్రక్కనున్న రైతును గూర్చినది. న్యాయమును కల్పించినవారు రాజును, వర్తకుని తలచిరి గాని రైతును తలపలేదు. దారిసుంకముల చరిత్రలో తఱచుగా మఱువబడినవాడు ఈ మూడవవాడే. నేడు జర్మనీనుండి ఆల్ప్సు పర్వతములను దాటి ఇటలీకి పోవు కార్ల సంగతి విచారించినను ఇదియే తేలుచున్నది. ఆ సంగతికి బోవుటకు ముందు, సుంకమను నది యెట్లు పుట్టి యెట్లు మాఱెనో కొంచెము తెలిసికొనుట మంచిది.

కౌటిల్యుని అర్థశాస్త్రమున శుల్కాధ్యక్షుడను ఉద్యోగి చెప్పబడియున్నాడు. అతడు పట్టణద్వారముకడ శుల్కశాలను కట్టించి, దానియెదుట ధ్వజమెత్తింపవలెను. సుంకము చెల్లింపక ఆ ధ్వజమును దాటిపోయిన వర్తకునకు సుంకమునకు ఎనిమిది రెట్లు దండుగ. ఇంతవఱకు చూచిన, ఇది రాజు బొక్కసమును నింపుకొను ఉపాయముగానే తోచును. కాని ఆ గ్రంథముననే సరిహద్దును కాచు అంతపాలుని గూర్చిన నియమమొకటి కలదు. అతడు సరకుబండికి ఒకటింబావు పణము వర్తని యను దారిసుంకము గైకొనవచ్చును. అట్లు గైకొన్నందులకు, తన హద్దులో వర్తకుని సొత్తు పోయినయెడల ఆ నష్టమును అతడే యిచ్చుకొనవలెను. పుచ్చుకొను చేయి కాపాడు చేయిగా కూడ నుండవలెనని దీని భావము.

మన తెలుగుదేశపు శాసనములలోను ఈ ధర్మము కనబడుచున్నది. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244-45లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. తుపానున చిక్కి యొడ్డునకు గొట్టబడిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు బలిమిని హరించుచుండిరి. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పి, నిర్ణయించిన సుంకము తప్ప మఱేమియు గైకొననని పరదేశవర్తకులకు మాట యిచ్చెను. ఆ సుంకము ముప్పదింట నొకపాలు. ఆ రేటును ఱాతిమీద చెక్కించి, రేవునకు వచ్చినవాడెల్ల చదువుకొనునట్లు నిలిపెను. సుంకము మితమైనదై, ముందుగా తెలిసినదై, దానివెంట అభయము కూడ నున్నప్పుడు దొంగదారిని వెదకుకొను వర్తకులు తగ్గుదురని ఆ రాజు గ్రహించియుండవలెను.

ఈ బంధము తెగిపోయినచోట సుంకము దోపిడియైపోవును. మధ్యయుగమున జర్మనీదేశపు రైను నదిమీద ఇట్లే జరిగెను. ఆ నదియొడ్డున ప్రతి చిన్న ప్రభువును ఒక కోట కట్టుకొని పడవల నాపి సొమ్ము లాగుచుండెను. కౌబ్ అను నూరియెదుట నదినడుమనున్న దీవిలో 1326-27లో కట్టిన సుంకపుఠాణా నేటికిని చెక్కు చెదరక ఓడయాకారమున నిలిచియున్నది. నదికి గొలుసు అడ్డముకట్టి పడవల నాపుచుండిరి. నది నెవరును త్రవ్వలేదు. దానిని బాగుచేయు పూచీని ఆ ప్రభువులు వహింపలేదు. నదిని విడిచి పడవకు వేఱుదారి లేదు గనుక వర్తకుడు తప్పించుకొనలేక, ఆ సుంకములన్నిటిని సరకు వెలలో చేర్చుచుండెను. 1868వ సంవత్సరపు మాన్‌హైమ్ ఒడంబడికతో గాని ఆ నదీయానము సుంకవిముక్తము కాలేదు.

ఇంగ్లండులో కథ మఱియొక విధముగా నడచెను. అచ్చట బాటలను బాగుచేయు భారము పూర్వము ఆయా గ్రామములవారిమీదనే యుండెను. లండనునుండి ఉత్తరమునకు బోవు పెద్దబాటమీద దూరదేశపు బండ్లు పోవుచుండగా, ఆ గుంతలను పూడ్చుటకు దారిప్రక్కనున్న గ్రామస్థుడు వెట్టిచాకిరి చేయవలసియుండెను. ఇది యన్యాయమని తలచి, బాటను వాడుకొనువాడే దాని ఖర్చు భరింపవలెనని 1663లో పార్లమెంటు ఒక శాసనముచేసి సుంకపుగేట్లు పెట్టించెను. ఆ గేట్లలో కాక్స్‌టన్ వద్దనున్న దానిని బండ్లవాండ్రు ప్రక్కదారిని సులువుగా తప్పించుకొని పోవుచుండిరట! గేటు పుట్టిననాడే దానిని తప్పించుకొను దారియు పుట్టినదన్నమాట. తరువాతి కాలమున ఇట్టి బాటలను నడపు సంఘములు వేయికి పైగా నేర్పడెను. బాటలు బాగుపడెను, బండ్లు వేగముగా నడచెను. ఈ మేలును కాదనరాదు.

అయినను వేల్సుదేశమున ఆ పద్ధతి వికటించెను. అచ్చటి సంఘములు గేట్లను గుత్తకిచ్చిరి. గుత్తదారులు ప్రధానద్వారములను తప్పించుకొని పోవువారిని పట్టుటకై ప్రక్కసందులలోను గేట్లు నిలిపిరి. ఆ సందులలో దూరప్రయాణికుల కంటె నెక్కువగా తిరుగువారెవరు? బట్టీనుండి సున్నము తెచ్చి పొలమునకు జల్లుకొను పేదరైతులే. తప్పించుకొనువానికై పన్నిన వలలో ఇంటినుండి పొలమునకు బోవువాడు చిక్కెను. 1839లో ఎఫైల్‌వెన్ అను పల్లెలో రైతులు ఆడవేషములు వేసికొని, బైబిలులోని రెబెక్కా పేరు పెట్టుకొని, గేటును ముక్కముక్కలు చేసిరి. 1843 వఱకు ఈ అలజడి ఆ ప్రాంతమున వ్యాపించెను. ప్రభుత్వము సైన్యమును బంపినను, విచారణసంఘము నేర్పఱచి రైతుల మొఱయు విన్నది. 1844లో చేసిన శాసనముతో ఆ సంఘముల నేకముచేసి, సున్నపుబండ్ల సుంకమును తగ్గించిరి. రైలుబండ్లు వచ్చిన తరువాత ఈ సంఘములన్నియు క్రమముగా నశించెను. 1895లో కడపటిది మూతపడెను.

చచ్చినదనుకొన్న సుంకపుగేటును మోటారుబండి మరల బ్రతికించెను. ఇటలీలో 1924లో మిలాను నగరమునుండి సరస్సుల ప్రాంతమునకు, మోటారుబండ్లకు మాత్రమే ప్రత్యేకించిన రహదారి యొకటి తెఱవబడెను. పురిచెల్లి యను ఇంజనీరు దానిని నిర్మించెను. ఆ దారిలో బండికి రుసుము నియమించిరి. జర్మనీలో 1932లో కొలోన్, బాన్ నగరముల నడుమ తెఱచిన మోటారు రహదారికి రుసుము లేదు. ఆ దేశమున నేటికిని కార్లకు రహదారి రుసుము లేదు. ఫ్రాన్సుదేశము 1955లో చేసిన శాసనమున రహదారులు సూత్రప్రాయముగా ఉచితములని చెప్పి, రుసుమును అపవాదముగా మాత్రమే అనుమతించెను. ఆ యపవాదమే పిమ్మట సూత్రమును మింగివేసెను. స్విట్జర్లండు ప్రజలు 1984లో ఓట్లు వేసి, 1985 మొదలుకొని సంవత్సరమున కొక రుసుము చెల్లించి కారు అద్దమునకు చీటి అంటించుకొను పద్ధతిని అవలంబించిరి. ఆస్ట్రియా 1997లో అట్టి చీటినే ప్రవేశపెట్టినను, కొలదిదినములు మాత్రము తిరుగువారికి తక్కువ వెలకు వేఱు చీటి యేర్పఱచెను. ఇట్లు ప్రక్కప్రక్కనున్న దేశములలో ఒక్కొక్కచోట ఒక్కొక్క ధర్మము నడచుచున్నది. సరిహద్దుల కావలి సడలిపోయినను, రుసుముల సరిహద్దులు మాత్రము నిలిచియున్నవి.

మన తెలుగు యువకులు అనేకులు నేడు జర్మనీలో ఉద్యోగములు చేయుచున్నారు. వారిలో నొకడు మ్యూనిక్ నగరమునుండి కుటుంబముతో ఇటలీలోని మెరానోకు కారులో పోదలచెననుకొందము. తిన్నని దారి కుఫ్‌స్టైన్, ఇన్స్‌బ్రుక్ నగరములమీదుగా బ్రెన్నర్ కనుమను దాటి పోవును. దీనికి మూడు చెల్లింపులు: ఆస్ట్రియాలో ప్రవేశించినందుకు చీటి, బ్రెన్నర్ కనుమకు ఎక్కు రహదారికి వేఱుగా రుసుము, కనుమ దాటిన పిమ్మట ఇటలీలో దూరమునుబట్టి మఱియొక రుసుము. ఇవి యొల్లనివానికి వేఱొక దారి కలదు. గార్మిష్ మీదుగా పోయి, ఫెర్న్ కనుమ నెక్కి, ఇమ్స్ట్ వద్ద ఇన్ నదీలోయలోనికి దిగి, అచ్చటి మోటారు రహదారిని తాకక పాతబాటమీదనే లాండెక్ చేరి, 1500 మీటర్ల యెత్తుననున్న రేషెన్ కనుమను దాటినచో, చీటియు రుసుమును లేకయే మెరానో చేరవచ్చును.

ఈ రెండవ దారి క్రొత్తది కాదు. క్రీ.పూ. 15లో రోమక సేనాని డ్రూసుస్ ఆల్ప్సును జయించినప్పుడు ఏర్పడి, క్రీ.శ. 46-47లో క్లాడియస్ చక్రవర్తి పేర పూర్తియైన వయా క్లాడియా అగస్టా యను రాజపథము రమారమి ఈ జాడనే పోయెను. అనగా, నేటి రాజమార్గమును తప్పించుకొనువాడు నాటి రాజమార్గము నెక్కుచున్నాడు. రేషెన్ కనుమ దిగునపుడు సరస్సునడుమ నొక చర్చిగోపురము నీటిపై నిలిచి కనబడును. 1950లో ఆనకట్టకై గ్రౌన్ అను గ్రామమును ముంచివేయగా మిగిలిన గుర్తు అది. దారిప్రక్కనున్నవాని గతి యెట్టిదో ఆ గోపురము చెప్పకయే చెప్పుచుండును.

ఇచ్చట మొదటి ప్రశ్నను వేయుదము. ఆస్ట్రియాలో చెల్లించు రుసుమునకు బదులేమైన లభించుచున్నదా? లభించుచున్నదనియే చెప్పవలెను. బ్రెన్నర్ దారిలో 1963లో తెఱచిన యూరప్ వంతెన లోయకు 190 మీటర్ల యెత్తున నున్నది. అట్టి కట్టడములను నిలుపుట సామాన్యము కాదు. కనుమకు కొంచెము క్రిందుగా లూయెగ్ అను చోట మధ్యయుగమున సుంకపుఠాణా యుండెను. ఆ తావుననే 1960వ దశకమున కట్టిన వంతెన బలహీనమైపోగా, 2025 ఆరంభమునుండి దానిమీద బండ్లను చాలదినములు దిక్కున కొక్క వరుసగానే పోనిచ్చుచు, క్రొత్త వంతెన నిర్మాణమునకు పూనుకొనిరి. దీని ఖర్చు నెవరు పెట్టవలెను? ఆ లోయలో ఆవులను కాచుకొను రైతా, లేక అతని తలమీదుగా ఇటలీకి పరుగెత్తు లక్షలకొలది బాటసారులా? ఇంగ్లండున 1663లో పుట్టిన ప్రశ్నయే యిది. బాటసారియే పెట్టవలెనని చెప్పుట న్యాయము.

రెండవ ప్రశ్నకు ఉత్తరము కుఫ్‌స్టైన్ పురచరిత్రలో దొరకును. జర్మనీసరిహద్దు దాటగానే యుండు ఆస్ట్రియాపట్టణ మది. సరిహద్దుకును ఆ పట్టణపు దక్షిణద్వారమునకును నడుమనున్న కొలదిదూరమున చీటి తనిఖీని 1997 మొదలుకొని అధికారులు చూచిచూడనట్లు వదలివేసిరి. 2013 డిసెంబరులో తనిఖీ ఆరంభించిరి. వెంటనే చుట్టుప్రక్కల మంచుకొండలకు విహారార్థము వచ్చు జర్మనుకార్లు సరిహద్దుకడనే రహదారి దిగి, పట్టణపు వీథులలో పడి పోసాగెను. కొలది యూరోలకై బాటసారి పాతబాట పట్టగా, ఊరివారు తమ వాకిలి దాటుటకు కాచుకొని నిలువవలసివచ్చెను.

కాన్‌స్టన్స్ సరస్సుతీరమునందలి బ్రెగెంజ్ పట్టణమునకును ఇట్టి కష్టమే కలిగెను. జర్మనీనుండి స్విట్జర్లండునకు పోవువాడు ఆస్ట్రియానేలమీద నడచు దూరము మోటారు రహదారిపై సుమారు 23 కిలోమీటర్లు. ఇంతకొఱకు పదిదినముల చీటి కొనుట భారమని తలచి, అనేకులు సొరంగమార్గమును విడిచి ఊరినడుమ నుండి పోవుచుండిరి. ఆ కొలదిదూరమునకు మాత్రమే చెల్లు తక్కువవెల చీటిని 2008లో పెట్టి, 2013లో తీసివేసిరి. అటుపిమ్మట ఊరి వీథులలో రద్దీ మరల హెచ్చెను.

తుదకు ఆస్ట్రియా పార్లమెంటు 2019లో ఒక నిశ్చయము చేసెను. ఆ డిసెంబరు 15వ తేదీనుండి కుఫ్‌స్టైన్, బ్రెగెంజ్, సాల్జ్‌బర్గ్, లింజ్ ప్రాంతములలో కొన్ని రహదారి భాగములకు చీటి యక్కఱలేకుండ చేసిరి. రుసుము లేనిచో బండ్లు ఇంకను పెరుగునని ఆక్షేపించినవారును కలరు. ఆ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. అయినను ఇందులో నొక గొప్ప సంగతి కలదు. తప్పించుకొనువానిని పట్టుటకు సందులలో గేట్లు పెట్టిన వేల్సు గుత్తదారుల మార్గమును విడిచి, సందులలోనివానిని కాపాడుటకు పెద్దబాటమీది గేటునే యీ ప్రభుత్వము తొలగించెను. మూడవవానిని రాజ్యము తలచినదని దీనివలన తెలియుచున్నది.

టిరోల్ రాష్ట్రమువారు మఱియొక యుపాయమును కనుగొనిరి. రహదారి క్రిక్కిఱిసిన దినములలో బాటసారులు దానిని దిగి, పల్లెలలోనుండి ముందునకు దూసికొని పోవుచుండిరి. ఏ సందు ఖాళీగా నున్నదో చేతియంత్రము చూపుచుండగా వేలకొలది కార్లు ఒక్కమాఱు ఆ సందునే పట్టును. 2019 జూన్ 20వ తేదీ మొదలుకొని ఇన్స్‌బ్రుక్ పరిసరములలో వారాంతములందు అట్లు దిగుటను నిషేధించిరి. అయితే ఆ యూరిలోనే పనియున్నవానికి, బసచేయువానికి నిషేధము లేదు. ఊరికి వచ్చువాడు అతిథి. ఊరిని త్రొక్కి పోవువాడు మాత్రమే నిషిద్ధుడు. ఈ భేదము నాకు మిక్కిలి సమంజసముగా తోచుచున్నది.

దీనిని బవేరియావారు ఆక్షేపించిరి. ఆ తగవునకు వెనుక మఱియొక తగవు కలదు. జర్మనీ తన రహదారులకును రుసుము విధింపదలచి 2015లో శాసనముచేసి, తన ప్రజలకు మాత్రము వాహనపు పన్నులో అంతమేరకు తగ్గింపు నిచ్చుటకు ఏర్పాటుచేసెను. అనగా పేరునకు అందఱును, నిజమునకు పరదేశులే చెల్లింపవలసివచ్చును. ఆస్ట్రియా ఐరోపా న్యాయస్థానమున వ్యాజ్యము వేయగా, టిరోల్ నిషేధములకు రెండుదినములు ముందు, 2019 జూన్ 18వ తేదీన, అది వివక్షయని తీర్పు వచ్చెను. ఆ వసూలు పనికై ఒప్పందము చేసికొనిన కంపెనీలకు జర్మను ప్రభుత్వము 2023లో 24 కోట్ల 30 లక్షల యూరోలు పరిహారముగా చెల్లింపవలసివచ్చెను. ఒక్క పైసయు వసూలు కాని సుంకమునకు ఇంత మూల్యము! పొరుగువానిచేత మాత్రమే చెల్లింపజేయ జూచిన రాజ్యమునకును ఘట్టకుటివద్దనే తెల్లవాఱినది.

మన దేశమున ఈ చర్చ యక్కఱలేదని చదువరులు తలపరాదు. జాతీయరహదారులపై రుసుము వసూలునకు 2008లో నియమములు ఏర్పడెను. 2021 ఫిబ్రవరినుండి ఫాస్టాగు తప్పనిసరియయ్యెను. టోలుగేటునకు 20 కిలోమీటర్లలోపల నివసించుచు స్వంతకారును వాడుకొనువారికి నెలసరి రాయితీచీటి ఆ నియమములలోనే కలదు. దగ్గఱివానిని దూరపువానిని ఒకేగాట కట్టరాదను వివేకము మన శాసనకర్తలకును కలదన్నమాట. కాని టోలుగేటు తప్పించుకొను లారీ యే పల్లెసందున దూరునో, ఆ సందులోని బడిపిల్లల సంగతి యేమో, ఆ విచారణ మనలో నింకను చాలినంతగా జరుగుటలేదు.

సుంకమును తప్పించుకొని చట్టసమ్మతమైన ప్రక్కబాటను పోవుట పాపమని నేను చెప్పను. పాతబాట అందఱిది. రోమకుల పథమును చూడగోరి, తీరికగా, పల్లెలో భోజనముచేసి, రాత్రికి బసచేసి పోవువానికి ఫెర్న్ కనుమ దారి ధన్యమైన దారియే. పల్లెవాసికిని అతనివలన నాలుగు కాసులు దొరకును. వేసవి శనివారమున వేలమందితో కలిసి, చీటివెల మిగుల్చుకొనుటకే ఆ దారి బట్టువాని సంగతి వేఱు. వాడు కనుమక్రింద గంటలకొలది నిలిచి, మిగుల్చుకొన్నదానిని పెట్రోలుగా కాల్చివేయును. వాని నష్టము వాడు పడును గాక! ఆ వరుసవెనుక చిక్కుకొన్న పల్లెటూరి వైద్యుడును, పాలబండివాడును ఏ నేరము చేసిరి?

కావున ప్రయాణమునకు దారి నిర్ణయించుకొనువాడు లెక్కవేయునపుడు మూడు పద్దులు వ్రాసికొనవలెను. రుసుము మొదటి పద్దు. కాలమును ఇంధనమును రెండవది. ఏ యూరి వాకిళ్లముందునుండి పోవుచున్నానను నది మూడవది. మూడవ పద్దు ఏ పటములోను, ఏ యంత్రములోను అంకెగా కనబడదు. రాజ్యమువారును గేటు నిలుపుటకు ముందు అదే పద్దును చూచుకొనవలెను: గేటువలన తొలగు బండ్లు ఎచ్చటికి పోవును, అచ్చట నెవరు కాపురమున్నారు, వారికి మనమిచ్చు అభయమేమి అని.

చెల్లింపని సుంకము మాయమైపోదు, చేయి మాఱును. న్యాయములోని వర్తకుడు వేకువను ఠాణావద్ద నిలిచి తాను చెల్లింపవలసినది తానే చెల్లించెను. అంతవఱకు వాడు అదృష్టవంతుడే. రాత్రి అతని బండిచక్రములు నలిపిన చేను యజమాని తెల్లవాఱి లేచి గట్టుమీద నిలిచి చూచుకొన్నప్పుడు, వానికి నష్టమిచ్చు ఠాణా యేదియు కనబడలేదు.